ఊగే స్టూళ్ళ బేరం

మడత స్టూళ్ళ కార్ఖానా యజమానిగారికి,

ఇంటి ముందుగదిలో చిన్న కొట్టు నడుపుకునే ఆవిడ నమస్కారాలు.

మీ శాంపిల్ స్టూలు చేరింది. ఇన్నాళ్ళూ బజారులో హోల్‌సేల్ కొట్టు దగ్గర కొని అమ్ముతున్నాను. వాడి లాభం, ఆటో కిరాయి పోగా నాకు మిగిలేది చేతికంటిన దుమ్మే. అందుకని తయారుచేసేవాళ్ళ దగ్గరే నేరుగా కొందామనుకున్నాను. తీరా చూస్తే మీ స్టూలు ఇలా ఉంది. కాళ్ళు ఊగుతున్నాయి. ఆ ఆకుపచ్చ రంగు ఎవర్ని అడిగి వేశారో తెలీదు. మడిచినప్పుడల్లా కీచుమంటోంది. దీనికి మూడు వందలంటే ఎవరైనా నవ్విపోతారు. ఏదో మొదటి బేరం కాబట్టి, రెండు వందలకైతే నలభై తీసుకుంటాను. లేదంటే స్టూళ్ళు చేసేవాళ్ళకి కరువేం లేదు.

ఇట్లు,
ముందుగది కొట్టు ఆవిడ

తా.క. శాంపిల్ వెనక్కి పంపడం కుదరదు. వచ్చిన దగ్గర్నుంచి మా అత్తగారు దాని మీదే కూర్చున్నారు.

*

అమ్మా,

కార్ఖానా యజమాని నమస్కరించి రాస్తున్నాడు.

మా నాన్నగారు పోయాక ఈ మధ్యనే ఈ కుర్చీలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళంతా బాగుంది బాగుంది అనేవాళ్ళే తప్ప, ఉన్నమాట మొహం మీద చెప్పినవాళ్ళు మీరొక్కరే. మీ ఉత్తరం చదివి ఆ రాత్రి అన్నం సయించలేదు. మా మేస్త్రి స్టూళ్ళ మీద ఎక్కి గెంతి చూశాడు. ఒక్కటీ ఊగలేదు. అయినా వాడేవాళ్ళకి తెలిసినంత చేసేవాళ్ళకేం తెలుస్తుంది? మీకు పంపాల్సిన నలభైని గోనెపట్టా కప్పి ఒక మూల పెట్టించాను. ఊగే సరుకు మీకు రెండు వందలకే కాదు, ఊరికే కూడా ఇవ్వను.

మీ శ్రేయోభిలాషి,
కార్ఖానా యజమాని

తా.క. మీ అత్తగారిని వెంటనే దాని మీంచి లేపండి.

*

యజమానిగారికి నమస్కారాలు.

మీరు మరీ కంగారుపడుతున్నారు. ఊగుతోందంటే పడిపోయేలా ఊగడం కాదు. మా గది గచ్చు ఎగుడుదిగుడు. ఇంకో చోట వేస్తే నిలబడే ఉంది. ఆ రంగు కూడా చూడగా చూడగా కంటికి అలవాటైంది. కీచుమనడం అంటారా, తలుపులు కీచుమనవూ? గోనెపట్టా తీసేసి సరుకు పంపించండి. రెండు వందల అరవై ఇస్తాను.

మీకు చెప్పకూడదు గానీ చెబుతున్నాను. ఈ నెలాఖరుకి గది తన ఖర్చు తాను రాబట్టుకోకపోతే ఎవరికైనా అద్దెకిచ్చేస్తానని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, తేల్చేశారు. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఈ కొట్టు పోతే నేను మళ్ళీ పప్పు డబ్బాకీ ఉప్పు డబ్బాకీ మధ్య తిరగాల్సిందే. స్టూళ్ళు కావాలని చుట్టుపక్కలవాళ్ళు అప్పుడే చెప్పి పెట్టారు.

ఇట్లు,
ముందుగది కొట్టు ఆవిడ

తా.క. మీ మాట చెబితే, తనని లేవమనడానికి ఆయనెవరని మా అత్తగారు అడుగుతున్నారు.

*

అమ్మా,

నమస్కారాలు. మీ మంచితనానికి కళ్ళు చెమర్చాయి.

నా మనసు నొచ్చుకుంటుందని తప్పు గచ్చు మీదికి నెట్టారు. మీ కొట్టు మూతపడే స్థితిలో కూడా పరాయివాడి పరువు కాపాడాలని చూశారు. అలాంటి మనిషికి లోపం ఉన్న సరుకు అంటగట్టానంటే నాకు పుట్టగతులుండవు. స్టూలు మొత్తం మొదట్నుంచీ మార్పిస్తున్నాను. కాళ్ళు, రంగు, మడత, అన్నీ. మూడు నాలుగు నెలల్లో మొదటి సరుకు మీకే.

మీ శ్రేయోభిలాషి,
కార్ఖానా యజమాని

తా.క. శాంపిల్ వెనక్కి తేవడానికి మా మేస్త్రిని పంపుతున్నాను. ఎలాంటి పరిస్థితుల్లోనూ దాని మీద కూర్చోవద్దు.

*

యజమానిగారూ,

దణ్ణం పెట్టి రాస్తున్నాను. మూడు నాలుగు నెలలు నేను ఆగలేను.

మీ స్టూలు ఊగదు. మొదట్నుంచీ ఊగలేదు. రంగు బాగుంది, కీచుమనదు. బేరం కోసం అన్నాను. ఎవరైనా అంటారు. సరుకు నచ్చిందని చెప్పి రేటు తగ్గించమంటే ఏ లోకంలో తగ్గిస్తారు? నేను వంక పెడితే మీరు కాదనాలి, నేను లేచి వెళ్ళిపోతాననాలి, మీరు వెనక్కి పిలవాలి. మీ నాన్నగారు ఇదేదీ చెప్పకుండానే పోయారా? నాకు భయంగా ఉంది. మీరు చెప్పిన మూడు వందలే ఇస్తాను. ఆ నలభై పంపించండి. లారీ కిరాయి కూడా నాదే.

ఇట్లు,
ముందుగది కొట్టు ఆవిడ

తా.క. మీ మేస్త్రి వచ్చాడు. అత్తగారు లేవలేదు. టీ తాగి, ఆవిడ చెప్పిందంతా విని, ఉత్త చేతులతో వెళ్ళాడు.

*

అమ్మా,

నమస్కారాలు. మీ ఉత్తరం ఒక్క రోజు ముందు అందినా ఎంత బాగుండేది.

ఆ నలభై నిన్ననే అమ్మేశాను. లోపం దాచి అమ్మడం ఇష్టంలేక, వచ్చిన వ్యాపారికి మీ మొదటి ఉత్తరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. అంతా ఓపిగ్గా విని, ఒక్క వంకా పెట్టకుండా, నూట యాభై చొప్పున లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంత తక్కువకి సరుకు దొరకడం తన వ్యాపారంలో ఇదే మొదటిసారట. చిరునామా చూస్తే మీ వీధే, మీ ఎదురు కొట్టే.

తన కొట్టులో అంత సరుకు పట్టదని ఎదురింటి ముందుగది అద్దెకి తీసుకుంటున్నాడట. ఇంటాయన మాట కూడా ఇచ్చేశారట. కాబట్టి మీరు బెంగపడకండి. స్టూళ్ళు రేపటికల్లా మీ గదికే వచ్చేస్తాయి.

మీ శ్రేయోభిలాషి,
కార్ఖానా యజమాని

తా.క. మా మడత బల్లల మీద కూడా మీ అభిప్రాయం దాపరికం లేకుండా రాసి పంపమని ఆ వ్యాపారి మరీ మరీ కోరాడు.