ఆరు మరల బోర్డు

జూన్ 18

ప్రసాదన్నా,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ ఇల్లు నీకు తెలుసు, ఒక గది, ఒక వసారా. నేనేం మాట్లాడినా మా అత్తమ్మ చెవిన పడుతుంది. పైగా ఫోన్‌లో నువ్వు నన్ను రెండు ముక్కలు చెప్పనివ్వవు, మూడో ముక్కకే సలహా మొదలుపెడతావు. అందుకే ముత్తుకూరు బస్సులో నీ కంప్యూటర్ రిపేరు షాపుకు పంపుతున్న అట్టపెట్టెలో ఈ కాగితం కూడా పెడుతున్నాను. పెట్టెలో ఉన్నది నా కంప్యూటర్ మదర్‌బోర్డు. అది చచ్చిపోయింది.

నువ్వు నేర్పినట్టే అన్నీ చూశాను. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది, ఒక్క బీప్ కూడా రాదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాను. మానిటర్ వైరు మార్చాను. పవర్ సప్లైని పక్కింటి కామాక్షమ్మ కూతురి కంప్యూటర్‌కు పెట్టి చూస్తే శుభ్రంగా నడిచింది. ఇక మిగిలింది బోర్డే.

నన్ను బాధపెట్టింది అది కాదన్నా. పక్క రేకు విప్పబోతే మరలు వదులుగా ఉన్నాయి. నేనెప్పుడూ గట్టిగా బిగిస్తాను. లోపల ర్యామ్ పక్కన పులుసు పడ్డట్టు పసుప్పచ్చటి తడి మరక. తుడిచినా పూర్తిగా పోలేదు. పులుసు తనంతట తాను మరలు విప్పుకుని లోపలికి పోదు కదా. వేట నిషేధం అయిపోగానే పదిహేనో తేదీ తెల్లవారి మా ఆయన వెంకటేష్ పడవెక్కాడు, పది పన్నెండు రోజులకు గానీ రాడు. నేను ఎనిమిది గంటల బస్సుకు నెల్లూరు ప్రెస్సుకు పోయి మధ్యాహ్నం తిరిగొచ్చాను. ఇంట్లో ఉన్నది అత్తమ్మ ఒక్కతే.

పెళ్ళయి మూడేళ్ళయింది. నేను కంప్యూటర్‌లో ప్రెస్సు వాళ్ళ పుస్తకాలకు పేజీలు కడతానని ఆమెకు తెలుసు. అయినా ఎవరైనా అడిగితే "మా కోడలా, పెట్టె ముందర కూర్చోనుండాది" అంటుంది, ఏదో ఊసుపోక కూర్చున్నట్టు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. మొన్న మాత్రం ఊరుకోలేకపోయాను. "నా పని మీకు గిట్టదు, అందుకే పోశారు" అని ముఖం మీదే అన్నాను. అవుననలేదు, కాదనలేదు. వలలో చిక్కిన పీత కాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. తప్పు చేయని మనిషి అలా ఊరుకుంటుందా? ఆ కోపంలో కుళాయి దగ్గర ఆడవాళ్ళ ముందు కూడా చెప్పేశాను.

నేనిక్కడ ఉండలేనన్నా. మీ వీధిలో గది ఖాళీగా ఉందన్నావు కదా, మాట్లాడి పెట్టు. కొత్త బోర్డు రాగానే కంప్యూటర్ తీసుకుని వచ్చేస్తాను. వెంకటేష్‌కు తిరిగొచ్చాక చెబుతాను. రావాలనుకుంటే వస్తాడు.

నీ చెల్లెలు,
భాను

జూన్ 22

భానూ,

రెండు ముక్కలు కాదు, రెండు పేజీలు చెప్పావు, నేను నోరెత్తకుండా చదివాను. ఇప్పుడు నా వంతు.

ముందు బోర్డు సంగతి. నీ ప్రాసెసర్ పాతది. దాని సాకెట్‌కు సరిపోయే బోర్డులు పేరున్న కంపెనీలు మానేసి చాలాకాలమైంది. కొత్త బోర్డే కావాలంటే ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చాలి. బోర్డుతో పాటు నువ్వు పంపినవి రెండూ నిక్షేపంలా ఉన్నప్పుడు అదెందుకు? అదే సాకెట్, అదే రకం ర్యామ్ పట్టే వాడిన బోర్డు ఒకటి నా దగ్గరుంది. నీ దానికన్నా వెడల్పు కాస్త తక్కువ. నీవి దాంట్లో పెట్టి రెండు రోజులు నడిపి చూశాను. పంపుతున్నాను. ప్రాసెసర్ పక్కన పెట్టే నాలుగు పిన్నుల వైరు మరిచిపోకు, అందరూ అక్కడే తప్పు చేస్తారు.

ఇక నీ పులుసు. చెల్లెమ్మా, ఒలికిన పులుసు కిందికి కారుతుంది. ఇది కారలేదు. నువ్వు తుడిచింది పోగా మిగిలినవి భూతద్దం పెట్టి చూశాను. ఒక్కో పెద్ద చిప్పు మీద వేలితో అద్దిన పసుపు, దాని మధ్యలో కుంకుమ. ర్యామ్ పెట్టే గాడిలో ఒక అక్షింత గింజ ఇరుక్కుని ఉంది. పసుపు తడి పిన్నుల్లోకి దిగాక నువ్వు స్విచ్ వేశావు, అంతే.

నువ్వు టౌనులోనే పుట్టావు, నీకు తెలియదు. నేను చిన్నప్పుడు సెలవులకు తాత ఇంటికి పోయేవాణ్ణి. నిషేధం అయ్యాక తొలిసారి పడవ దించేటప్పుడు ఇంజను మూత తీసి లోపలి ఇనుముకు పసుపు పూసేవాడు. మూతకు పెట్టొచ్చు కదా తాతా అంటే "మూత పని చేస్తదంట్రా?" అనేవాడు. నీ మరలు విప్పింది ఎవరో, ఎందుకో నాకిప్పుడు తెలిసినట్టే ఉంది. అయినా మీ అత్త మస్తానమ్మ ఎందుకు చెప్పలేదో నాకూ అంతుపట్టడం లేదు. నువ్వే అడుగు. గది మాట్లాడాను, నెలాఖరు దాకా ఆగుతామన్నారు.

ప్రసాద్

జూన్ 29

అన్నా,

నీ ఉత్తరం చదివాను. వెళ్ళి అత్తమ్మను అడిగాను. "వాణ్ణి రానీమ్మా, అప్పుడు చెప్తా" అని ఊరుకుంది. ఏం మనిషి ఈవిడ అని మళ్ళీ ఒళ్ళు మండింది. సరేలెమ్మని బోర్డు బిగించాను. స్విచ్ వేస్తే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. నాలుగు పిన్నుల వైరు పెట్టాను. ర్యామ్ ఒకటే ఉంచి చూశాను, గాడి మార్చి చూశాను, బోర్డు బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాను. రెండు రోజులు అదే తంతు. నీ బోర్డు కూడా పోయిందనుకుని సూట్‌కేసు సర్దుకున్నాను.

నిన్న ఉదయం పడవ వచ్చింది. వెంకటేష్ ఇంకా ఒడ్డున చేపలు దించుతుండగానే అత్తమ్మ ఇంటికి వచ్చి, కాళ్ళకు ఇసుకతోనే నా పక్కన చతికిలబడింది.

"నేనే పెట్టినామ్మా. పడవకు పెట్టిన పసుపు మిగిల్తే తెచ్చి దీనికీ పెట్టినా. ఇది గూడా ఇంటికి అన్నం పెట్టేదే గదా. పై రేకుకు పెడితే ఎవురికి పెట్టినట్టు? నువ్వు విప్పేది చూసినా, అట్నే విప్పినా."

"మరి నేనన్ని మాటలన్నప్పుడు ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"ఎట్టా చెప్పేది? ఒకే పసుపు, ఒకే పొద్దున రెండిటికీ పెట్టినా. ఇది ఆ పొద్దే ఆగిపాయె. అదేమో నా కొడుకుని మోసుకోని నడి సంద్రంలో ఉండాది. ఆ మాట నోటితో అంటే వాడికేమన్నా అయితదేమోనని బయం. వాడు కాలు కింద పెట్టిందాకా నన్ను ఏమన్నా అనుకోనీలే అనుకున్నా."

అన్నా, పదమూడు రోజులు ఆమె ఒక్కతే ఆ భయం మోసింది. నా మొగుడి కోసం. నేను ఆమెను ఊరందరి ముందు దొంగను చేశాను. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. బోర్డు మళ్ళీ బయటికి తీశాను. ఆమె టార్చిలైటు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"ఏమ్మా, బోర్డుకు ఆరు మరలేగా పెట్టినావు. కింద ఎనిమిది గుబ్బలుండాయే?"

చూస్తే నిజమే. పాత బోర్డుకు ఎనిమిది రంధ్రాలు, దీనికి ఆరు. బోర్డును రేకుకు తగలకుండా ఎత్తిపట్టే ఇత్తడి గుబ్బల్లో మిగిలిన రెండూ బోర్డు అడుగున తగిలి షార్టు చేస్తున్నాయి. నువ్వు వెడల్పు తక్కువన్నావు గానీ వాటిని తీసెయ్యమని చెప్పలేదు, నాకూ తట్టలేదు. రెండూ విప్పేసి బిగించాను. తెర వెలిగింది. ప్రెస్సు వాళ్ళ పేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పోతావామ్మా? గుడ్డలు సర్దుకున్నది చూసినాలే. నీ పని యాడ నడిస్తే ఆడికి పో, నేనేమీ అనుకోను. ఒక్కదానివే పోబాక. వాణ్ణి గూడా తీసకపో."

ఉన్నది ఒక్క కొడుకు. వాడు పోతే ఆమె పడవ ఎవరికో అమ్ముకోవాలి. అయినా ఆ మాట అంది. వెనుక నుంచి వస్తున్న వెంకటేష్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

సాయంత్రం కుళాయి దగ్గరికి పోయి, ఎవరి ముందు ఆమెను తిట్టానో వాళ్ళందరి ముందూ తప్పు నాదని చెప్పి వచ్చాను. పోనని ఆమెతో నోటితో అనలేకపోయాను. సర్దిన సూట్‌కేసు ఆమె ఎదురుగానే విప్పి, చీరలు ఒక్కొక్కటిగా దండెం మీద వేశాను. మూడో చీర వేసేసరికి ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని ఈరోజే చెప్పు అన్నా.

మస్తానమ్మ కోడలు,
భాను