తెల్లకోటు వేసుకున్నవాళ్లంతా డాక్టర్లు కారక్కా

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ కూడా నీ మీద కోపంతోనే రాస్తున్నాను.

రాజపాళయంలో మా బడి పిల్లలకు ఇంటర్నెట్‌లో వెతకడం, దొరికినదాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవడం నేర్పుతున్నాను. నేర్పలేక చస్తున్నాను. మొదట కనబడిందే వాళ్లకు వేదం. నిన్న షుగర్ జబ్బు గురించి వెతకమంటే, మహాలక్ష్మి అనే అమ్మాయి నువ్వు మాత్రలు మానేయడానికి కారణమైన ఆ వీడియోనే తెచ్చింది. తెల్లకోటు వేసుకుని, మాత్రలు వద్దు, పొడి తాగండి అంటాడే, అతనే.

"ఇతనెవరో తెలుసునా?" అన్నాను.

"డాక్టరు, టీచర్! లక్షమంది చూసినారు. అబద్ధమైతే ఇంతమంది చూస్తారా?"

అచ్చం నీ మాటే. గొంతు పెంచబోయి ఊరుకున్నాను. అతని పేరుతో వెతకమన్నాను. అతను డాక్టరని ఇంకెక్కడా లేదు. ఆ పొడి అమ్మే కంపెనీ మాత్రం అతనిదే.

మహాలక్ష్మి ముఖం పాలిపోయింది. "మా అవ్వ మాత్ర నిలిపేసింది టీచర్. వీడియో చూపించింది నేనే."

వెంటనే నా ఫోనులో వాళ్లమ్మతో మాట్లాడి, అవ్వను ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను.

ఈ ఉదయం ఆ పిల్ల మూతి ముడుచుకుని వచ్చింది. "అవ్వ మళ్లీ మాత్ర వేసుకునింది టీచర్. కానీ పొద్దున్నుంచి నన్నే తిడతా ఉంది."

"తిట్టనీ పాపా," అన్నాను. "తిట్టేదానికి మనిషి ఉంది గదా."

నీ చెల్లెలు