మస్టాంగ్ కారుకు జంపఖానా సీటు

1982 ఫిబ్రవరి 9

ఇవాళ మా ఆయన పనిచేసే బాలకిషన్ మెకానిక్ షెడ్డుకు అమెరికా కారు వచ్చింది. వచ్చింది అనకూడదు, ట్రాక్టరు కట్టి ఈడ్చుకొచ్చారు. పత్తి వ్యాపారి కిషన్ రావు గారిది. మస్టాంగ్ అట, 1966 మోడల్. పదేళ్లుగా జిన్నింగ్ మిల్లు వెనక పడి ఉంది. ముందు జాలీలో పరుగెత్తే గుర్రం బొమ్మ. రెండే తలుపులు. సీట్లన్నీ ఎలుకల పాలు.

మా ఆయన అన్నం తింటూ కూడా దాని ముచ్చటే. ఎనిమిది సిలిండర్లట. పెళ్లయిన కొత్తలో నా గురించి కూడా ఇంత మాట్లాడలేదు.

ఫిబ్రవరి 10

మామ మగ్గం మీద కూర్చుని అంతా విన్నాడు. అది మళ్లీ నడుస్తుందా అని నన్ను అడిగాడు. కొడుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కొడుకు కూడా నా వైపే చూసి, నడుస్తుందన్నాడు.

ఆరేళ్లుగా ఇంతే. ఆరేళ్ల కింద ఈయన పడుగు సగంలో ఉండగా మగ్గం దిగి మెకానిక్ పనికి వెళ్లిపోయాడు. ఆ సగం జంపఖానా మామే నేసి దించాడు. అప్పటి నుంచి ఒకే ఇల్లు, ఒకే కుండ అన్నం, మాట మాత్రం లేదు. మధ్యలో నేను టెలిఫోన్‌ని. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా నేనే చెప్పాలి. ఒక్కోసారి చిర్రెత్తుకొస్తుంది. ఎక్కువసార్లు ఏడుపొస్తుంది.

మార్చి 1

కిషన్ రావు గారు డీజిల్ ఇంజన్ పెట్టెయ్యమన్నారట. అమెరికా కార్లన్నిటికీ అదే చేస్తున్నారట. గుర్రానికి ఎద్దు గుండె పెట్టనని ఈయన మొండికేశాడు. నెలాఖరు దాకా టైమ్ ఇచ్చారు. ఆలోపు సొంత ఇంజన్‌తో నడవకపోతే డీజిలే.

మార్చి 8

సీట్లకు రెక్సిన్ వద్దు, మన జంపఖానా వేద్దామన్నాడు ఈయన. కిషన్ రావు గారు సరేనన్నారు. మొదట వెనక సీటుకు. కొలత చీటీ మీద రాసి నా చేతికిచ్చాడు. పొడవు నాలుగున్నర అడుగులు. మామకు ఇచ్చాను. మూడుసార్లు చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా ఎరుపు, నలుపు నూలు తీసి పక్కన పెట్టాడు.

ఇవాళ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మార్చి 18

మామ జంపఖానా కోసి మగ్గం నుంచి దించాడు. అంచుల్లో చిన్న చిన్న గుర్రాలు నేశాడు. గుర్రాన్ని ఎక్కడ చూశావని అడిగితే, నువ్వు చెప్తే విన్నా కదా అన్నాడు.

మార్చి 19

నాలుగు వేళ్లు తక్కువైంది.

మగ్గం మీద సాగి ఉన్న బట్ట కోసి దించగానే ముడుచుకుంటుంది. మా నేతగాళ్ల పేట కొత్తవాడలో ఎవరిని అడిగినా చెప్తారు. ఆ మాత్రం నాన్న కలుపుకుంటాడులే అని ఈయన సీటు కొలతే రాశాడు. నేతగాని కొడుకు, కలిపే రాసి ఉంటాడులే అని మామ చీటీలో ఉన్నంతే నేశాడు. ఇద్దరికీ తెలుసు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాకూ తెలుసు, నేనూ అడగలేదు. చీటీ మోసినదాన్ని నేనే కదా.

మార్చి 20

ఇద్దరూ ఇప్పుడు నాతో కూడా మాట్లాడటం లేదు.

మార్చి 22, మధ్యాహ్నం 2

పొద్దున మామ ఉతికిన చొక్కా అడిగాడు. షెడ్డు ఎక్కడ అని అడిగాడు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అటు తిరిగి చూడని మనిషి! నేనూ వెంట పోయాను.

ఈయన కారు కింద పడుకుని ఉన్నాడు. మామ కాళ్లు చూసి బయటికి వచ్చాడు. మామ వెనక సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. జేబులోంచి నూలు పోగు తీసి ఒక కొస సీటు మూలకు పట్టాడు. రెండో కొస నేను పట్టుకోబోయాను. అంతలో ఈయన గ్రీజు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని వచ్చి పట్టుకున్నాడు.

నేను బయటికి వచ్చేశాను. అక్కడ నాకు పనేముంది?

మార్చి 25

మామ మళ్లీ మొదటి నుంచి నేస్తున్నాడు. ఈయన పొద్దున్నే లేచి నూలు కండెలు చుట్టి, మగ్గం పక్కన పెట్టి షెడ్డుకు పోతున్నాడు. అది నా పని. మాటలు మాత్రం ఇంకా లేవు.

మార్చి 30

నడిచింది! సొంత ఇంజన్‌తోనే. ఆ చప్పుడుకు షెడ్డు రేకులు అదిరాయి. ఈయన కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొగేం లేదు.

వెనక సీటుకు కొత్త జంపఖానా అతికినట్టు కూర్చుంది. మామ మాత్రం నేరుగా ముందు కుడివైపు ఎక్కాడు. ఆ కారుకు స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది. ములుగు రోడ్డు మీద జనమంతా మా మామ మొండయ్యే నడుపుతున్నాడనుకుని నోళ్లు తెరిచారు. పాలు తీసుకుని వస్తున్న పక్కింటి సోమక్క దండం కూడా పెట్టింది. వెనక కూర్చుని నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

లెవెల్ క్రాసింగ్ దగ్గర ఈయన స్పీడు పెంచాడు. మామ డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరగబోయి, ఆగి, కొడుకు వైపు తిరిగాడు.

"జర మెల్లగ పోనియ్యి, బిడ్డా."

"మెల్లగనే పోతాన, నాయినా."

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఏప్రిల్ 2, పొద్దున 8

ముందు సీట్లకు ఏ రంగు వెయ్యాలని తండ్రీకొడుకులు గంట నుంచి కొట్లాడుతున్నారు. నేరుగా. టీ చల్లారిపోతోంది. పిలవబుద్ధి కావడం లేదు.