ట్రాన్స్‌పోర్ట్‌లో పెద్ద పోస్టు

ఏప్రిల్ 18, 2015

మావయ్య దిగాడు. ఎయిర్‌పోర్ట్‌లో నన్ను చూడగానే, "ఏంది అల్లుడూ, మీసాలొచ్చినయ్, మాటలింకా రాలే?" నవ్వాను. ఆయన సూట్‌కేస్ అందుకున్నాను.

కార్‌లో అమ్మ మెల్లగా... "అన్నయ్యా, ఇక్కడ అందరికీ నువ్వు ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని చెప్పాం."
"అబద్ధం కాదుగా!"
"పెద్ద పోస్టు అని చెప్పాం."
"అదీ నిజమే. పద్నాలుగు అడుగుల ఎత్తు."

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో డబుల్ డెకర్ బస్సు నడుపుతాడు మావయ్య. పదకొండేళ్ళ నుంచి.

ఏప్రిల్ 19

నోటితో రానివి వేళ్ళతో వస్తాయి నాకు. అందుకే ఫోన్‌లో రాసుకోవడం. చెల్లి పక్క గదిలో ఉన్నా మెసేజే పెడతా. ఈ రోజు దాని రిప్లై — అన్నా, డోర్ ఓపెన్ ఉంది కదా, జస్ట్ పిలువు.

ఏప్రిల్ 20

నాన్న ఫ్రిజ్ మీద కాగితం అతికించాడు. మే 16, శనివారం, నాన్న స్నేహితుడు ప్రసాద్ అంకుల్ వాళ్ళింటి గ్యారేజ్‌లో టెస్టింగ్ కోర్సు మొదలు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నేర్పిస్తారు. "ఆరు వారాల్లో వీణ్ణి మనిషిని చేస్తా" అన్నాడట అంకుల్.

ఇప్పుడేంటో మరి నేను.

ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర ఉండి, పదో క్లాసు తప్పి వచ్చాను. అమెరికా వచ్చాక ఫ్రీమాంట్ హైస్కూల్‌లో ఒక ఏడాది కూర్చున్నాను, కూర్చోవడం ఒక్కటే వచ్చింది. ఇప్పుడు వారానికోసారి వెళ్ళి టీచర్‌కి ఇంట్లో చేసిన పాఠాల ప్యాకెట్ ఇచ్చి రావడమే. మిగతా రోజులు నేను ఖాళీ అనుకుంటాడు నాన్న.

ఖాళీ కాదు. బస్సులో ఉంటా.

ఏప్రిల్ 22

మావయ్యకి దొరికిపోయాను.

"కార్లు చాలు, మీ ఊరి బస్సు ఎక్కుదాం పా" అన్నాడు. ఎక్కగానే డ్రైవర్ ఆవిడ నాతో — ఈ రోజు లేటయ్యావే! ముందు సీటు ఖాళీగానే ఉంది చూడు! మావయ్య నా వైపు చూశాడు. "రోజూనా?" తలూపాను. "దేనికి?"

దిగాక పక్కపక్కనే నడుస్తూ మెసేజ్ పెట్టాను. మలుపులో వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కకుండా ఎలా తిప్పుతారో చూడ్డానికి.

మావయ్య ఫోన్ తీసి చదివాడు. నడక ఆపేశాడు. రోడ్డు మీదే చేతులు చాచి గాల్లో స్టీరింగ్ పట్టుకున్నాడు. "ముక్కు ముందుకి పోనియ్యాలె. ఇంక గుద్దుతా అని భయం పుట్టేదాకా పోనిచ్చి, అప్పుడు తిప్పాలె. తొందరపడ్డోడే ఫుట్‌పాత్ ఎక్కిస్తడు."

ఇంటిదాకా అదే. రెండు సార్లు నాతో తిప్పించాడు. ఎవరో కార్‌లోంచి మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వెళ్ళారు. పర్లేదు.

ఏప్రిల్ 23

"మీ నాయినకి చెప్పినవా?" మావయ్య. లేదు. "నన్ను చెప్పమనకు. నోరు నీది."

ఏప్రిల్ 25

మా ఇంట్లో పాట్‌లక్. పన్నెండు మంది, తలా ఒక వంటకం తెచ్చారు. మావయ్య చుట్టూ అంకుల్స్.

ప్రసాద్ అంకుల్ మొదలుపెట్టాడు. "మీ దగ్గర వైద్యం ఫ్రీ అంటారు గానీ, వరసలో నిలబెట్టి చంపుతారంట కదండీ!"
"నిలబెడతారు. నా మోకాలికి ఏడు నెలలు నిలబడ్డ. కానీ మాకాడ ముందు అడిగేది ఏం నొప్పి అని. మీకాడ ముందు అడిగేది ఏ ఇన్సూరెన్స్ కార్డు అని."
నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ప్రసాద్ అంకుల్ ఊరుకోలేదు. "ఫ్రీ అంటే ఎవడో కడుతున్నట్టే కదా!"
"అవును, నేనే కడుతున్న, పన్నుల్లో. నా పక్కింటామె మోకాలికి కూడా కట్టిన. పొద్దున్నే పలకరిస్తది, హాయిగుంటది."

ఇంకెవరో — అక్కడ మనవాళ్ళంటే చులకనటగా? మావయ్య పులిహోర నములుతూ, "తాగి ఎక్కి, మీ దేశం పో అని తిట్టినోడున్నడు. మూడు స్టాపులయినంక థాంక్యూ డ్రైవర్ అని చెప్పి దిగిండు. వాళ్ళంతే. తిట్టినా సరే, దిగేటప్పుడు థాంక్స్ చెప్పాలె."

"డ్రైవరా?" ప్రసాద్ అంకుల్.

అమ్మ గరిటె ఆగిపోయింది.

"డ్రైవర్నే. మా చెల్లె చెప్పలే? సిగ్గుపడి ఉంటది." అమ్మకి వినపడేలాగే అన్నాడు. ఎవరో పెరుగు చట్నీ బాగుందన్నారు.

అప్పుడు ప్రసాద్ అంకుల్ వాళ్ళ నాన్నగారు, ఇండియా నుంచి వచ్చి నెలైంది, సోఫా మూలలోంచి — "బాబూ, ఈ ఊళ్ళో కూడా బస్సు ఉందా? నేను గుడికి పోవాలంటే వీడికి శనివారం దాకా తీరదు."

మావయ్య నవ్వాడు. "నాకేం తెలుసు పెద్దాయనా, ఇక్కడోళ్ళని అడగండి." అంకుల్స్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళ నుంచి ఉంటున్నారు. ఒక్కడికీ స్టాప్ ఎక్కడో తెలియదు.

"ఉందండీ. మీ వీధి చివర, ఫార్మసీ ముందు. అరగంటకొకటి. గుడి దగ్గర ఆగదు, రెండు వీధుల ముందు దిగి నడవాలి. ఎండలో వద్దు, తొమ్మిదింటిది ఎక్కండి."

ఎవరా మాట్లాడేదని నేనూ చూశాను. నేనే.

నాన్న ప్లేటు పట్టుకుని అలా నిలబడ్డాడు. "నీకెలా తెలుసురా?"
"ఫోన్‌లో చూశా."

అబద్ధం.

ఏప్రిల్ 26

అమ్మ మావయ్యతో మాట్లాడట్లేదు. ఉప్మా మాత్రం రెండో సారి అడక్కుండానే వేసింది.

ఏప్రిల్ 27

గుడి తాతగారు ఈ రోజు తొమ్మిదింటి బస్సు ఎక్కేశారట! ఒక్కరే! ప్రసాద్ అంకుల్ ఫోన్ చేసి నాన్న మీద అరిచాడు. పది నిమిషాల తర్వాత ఇంకో ఆంటీ ఫోన్ — వాళ్ళ అత్తగారికి కూడా టైమింగ్స్ కావాలట. అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసింది. మాట్లాడలేక మెసేజ్ చేస్తానన్నా.

ఏప్రిల్ 29

ఇంగ్లండ్‌లో వచ్చే గురువారం ఎన్నికలు. మావయ్య ఇక్కడున్నాడు కాబట్టి తన ఓటు అత్తయ్యని వేయమని రాసిచ్చాడట. అలా ఇవ్వొచ్చట అక్కడ.
"నీకేంటి, ఇండియా పాస్‌పోర్టేగా?" నాన్న.
"అక్కడ ఉంటే చాలు బావా, మనోళ్ళకి ఓటుంది."
నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు... నాకు స్కూల్ బోర్డుకి కూడా ఓటు లేదు." మావయ్య ఏడిపించలేదు. ఆయన ఏడిపించకపోవడం ఇదే మొదలు.

మే 2

చూశాను. ఇక్కడ బస్సు నడపాలంటే ఇరవై ఒకటి రావాలట. నాకు పదిహేడు. అప్పటిదాకా డిపోలో బస్సులు కడగొచ్చు, టైర్లలో గాలి చూడొచ్చు. కడుగుతా. అద్దాలు ముందు.

మే 4

నాన్నకి రాశాను. చెరిపాను. రాశాను. చెరిపాను. చెల్లి భుజం మీంచి చూసి — అన్నా, జస్ట్ సెండ్ చెయ్, నాన్న బైట్ చేయడు.

మే 7

ఇక్కడ మధ్యాహ్నం రెండు, అక్కడ రాత్రి పది. పోలింగ్ ముగిసింది. మావయ్య, ప్రసాద్ అంకుల్ ఒకే లాప్‌టాప్ ముందు. అంకుల్ ఆఫీస్‌కి సెలవు పెట్టి మరీ వచ్చాడు, పోట్లాడ్డానికి. మావయ్యది ఎర్ర రంగు పార్టీ, అంకుల్‌కి నచ్చింది నీలం. సీట్ల అంచనా వచ్చింది... నీలం ముందుంది.

అంకుల్ ఎగిరి గంతేశాడు, ఏదో ఆయనకే సీటు వచ్చినట్టు. మావయ్య అత్తయ్యకి ఫోన్. స్పీకర్‌లో.
"నా ఓటు ఎవరికేసినవ్?"
"మీరు చెప్పినోళ్ళకే వేశా."
"నీది?"
"నాది నా ఇష్టం."
"నీలమా?"
"పడుకోండి, అలిసిపోయారు."
"ఇక్కడ పట్టపగలే!" ఫోన్ పెట్టేసి, "ఇంటికాడ రెండు ఓట్లు, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయ్" అన్నాడు. అంకుల్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి మావయ్యని కౌగిలించుకున్నాడు. అన్ని తిట్లు తిట్టుకుని!

అలా పోట్లాడొచ్చన్నమాట ఇంట్లో. పోట్లాడి పకోడీ తినొచ్చు.

మే 8

పంపేశాను. బాత్‌రూమ్‌లోంచి.

నాన్నా, నేను బస్సు డ్రైవర్ అవుదామనుకుంటున్నా. ప్యాకెట్ లేని రోజుల్లో బస్సులోనే ఉంటున్నా, ఆ రోజు ఫోన్‌లో చూశా అని అబద్ధం చెప్పాను. గ్యారేజ్ కోర్సు వద్దు.

చదివినట్టు చూపించింది. రెండు నిమిషాలు. నాలుగు. మెసేజ్ వచ్చింది — అన్నం చల్లారుతోంది రా.

తిన్నాం. నాన్న నెయ్యి ఇటు జరిపాడు.

మే 10

మావయ్య వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నా మెడ పట్టుకుని ఊపి, "చెప్పినవ్ కదా. ఇంక ఆయన ముక్కు ముందుకి పోనియ్." అమ్మ ఏడ్చింది. తర్వాత కార్‌లో నాన్నతో — "మా అన్నయ్య బస్సు నడుపుతాడు" — ఊరికే, ఎవరూ అడక్కుండానే.

మే 12

ఏమీ లేదు. కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.

మే 13

అమ్మ, నాన్న బెడ్‌రూమ్‌లో. "నలుగురూ ఏమనుకుంటారు" నాన్న గొంతు. అమ్మ ఏదో అంది. "ప్రసాద్ గారి నాన్నే కదండీ మొదట ఎక్కింది" అని మాత్రం వినపడింది.

మే 14

నాన్న ఆఫీస్ బట్టలు వేసుకుని కార్ తాళాలు బల్ల మీదే పెట్టేశాడు. "ట్రైన్ స్టేషన్‌కి బస్సు ఎన్నింటికి?"
"ఏడూ పద్దెనిమిది."
"పద."

స్టాప్ దగ్గర చిల్లర ఎంతో అడిగాడు, చెప్పాను. డ్రైవర్ కొత్తాయన, నాకు తెలియదు. నేను అలవాటుగా ముందు సీట్లో కూర్చోబోయాను. నాన్న "నువ్వు వెనక్కి వెళ్ళు" అని తనే అక్కడ కూర్చున్నాడు. వెనక్కి వెళ్ళాను.

దారి పొడుగునా నాన్న తల వెనక భాగమే కనిపించింది. పెద్ద మలుపు దగ్గర తల ముందుకి వంగింది. ఎర్ర లైటు దగ్గర డ్రైవర్‌ని ఏదో అడిగాడు. ఆయన చెప్పాడు. నాన్న ఇంకోటి అడిగాడు. ఆయన ఈసారి చాలాసేపు చెప్పాడు, ఒక చెయ్యి ఊపుతూ. ఇంజిన్ చప్పుడు, ఒక్క ముక్క వినపడలేదు నాకు.

స్టేషన్‌లో దిగాం. నాన్న దిగేటప్పుడు ఆయనకి థాంక్స్ చెప్పాడు.
"ఏం అడిగావు నాన్నా?"

నోటితోనే అడిగాను.

నాన్న బ్యాగ్ ఇటు భుజం మీంచి అటు మార్చుకున్నాడు. "సాయంత్రం చెప్తా" అని ట్రైన్ వైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు టైం నాలుగూ ఇరవై.