మూడు కమానుల ప్లాను

బెడోక్, సింగపూర్
12-8-2003

నాన్నగారికి,

అరుంధతి నమస్కారాలు. మేం ముగ్గురం కులాసాగా ఉన్నాం. మీ మోకాలి నొప్పి నెమ్మదించిందని తలుస్తాను.

మీ మనవరాలు ప్రసన్నకు తెలుగు వస్తోందా అని అడిగారు. వింటుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే. మన రైలు పట్టాల మధ్య రెండున్నర అడుగులేనంటే, "తాతయ్య ట్రైన్ సో స్మాల్ లా!" అని ఇక్కడి యాసలో ఒకటే నవ్వు.

ఇక మంచి కబురు. మీరు మాస్టరుగా చేసిన మన స్టేషను కూల్చరు! మన చిన్న లైను తీసి పెద్ద లైను వేస్తున్న ఇంజనీరు మధుసూదనరావుగారు నిన్న ఫోన్ చేశారు. కొత్త పట్టాలు భవనం వెనకనుంచి వెళ్తాయట. మీ అర్జీకి తోడుగా నేను మా రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో స్కాన్ చేసి పంపిన స్టేషను ప్లాను ఆయన చూశారు. గానుగ సున్నంతో కట్టిన మూడు కమానులు, రెండడుగుల మందం గోడలు, చిన్నపిల్లలకూ అందే టిక్కెట్ల కిటికీ, కింద ఆనాడు లైను వేయించిన రాజావారి ఓవర్సీరు సంతకం. "నిన్నమొన్నటి షెడ్డని ఫైల్లో రాసుకున్నామమ్మా, పొరపాటే" అన్నారు.

ఆ ప్లాను నాకెక్కడిదంటారా? నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది నాన్నగారూ. ఇక్కడికి బయల్దేరే ముందు మీ ట్రంకుపెట్టెలోంచి నేనే తీశాను. దాని అంచుల్లో మీ చేతిరాత ఉంది. అడిగితే ఇవ్వరనుకున్నాను.

మరుసటి ఏడు మీరు రిటైరై క్వార్టర్సు ఖాళీ చేసినప్పుడు, ఆ ప్లానును పాత కాగితాలతో పాటు అమ్మేశాడని పోర్టరు అప్పయ్య మామను నలుగురిలో నిలదీశారని అమ్మ రాసింది. ఇరవై ఏళ్లు మీతో పనిచేసిన మనిషి ఆనాటినుంచి మళ్లీ మనింటికి రాలేదు. అప్పుడే చెప్పాల్సింది. ముందు మీ కోపానికి భయపడ్డాను, తర్వాత నా ఆలస్యానికే సిగ్గుపడ్డాను.

ఆదివారం మామకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పాపా, ఆ కాయితం ఉందా? నాకు సదువు రాదు కదా. నిజంగానే అమ్మీసినానేటో అని నా మీద నాకే అనుమానమొచ్చీసింది. అమ్మయ్య! ఇక నిద్దర పడతాది" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. గుండెల మీంచి బండ దిగినట్టుంది.

అసలు ప్లాను కొరియరులో పంపాను. మీ పేరున కాదు, అప్పయ్య మామ పేరున. తన చేత్తోనే మీకిమ్మన్నాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. మామ వచ్చినప్పుడు మాత్రం, కాగితం తర్వాత చూద్దురుగాని, ముందు ఆయన్ని కూర్చోబెట్టండి.

ఇట్లు,
తప్పు చేసిన మీ పెద్దమ్మాయి
అరుంధతి