పంపు చప్పుడు

పెదబయలు, గురువారం రాత్రి

ఉదయం మంచు నా మెకానిక్ షెడ్డులోకి కూడా వచ్చేసింది. కిరాణా కొట్టు సూరిబాబు గారి కారు ఆ తెల్లదనంలో సగం కరిగిపోయినట్టు కనిపించింది. పార్వతీపురంలో కూతురు ప్రసవించిందట, మనవరాలిని చూడాలని ఆయన తొందర. "సెల్ఫ్ తిరుగుతంది గానీ ఇంజను అంటుకోట్నేదు" అన్నారు.

తాళం ఆన్‌లో పెట్టి, వెనక సీటుకు చెవి ఆనించాను. దాని కింద ఉండే పెట్రోలు పంపు ఒక్క క్షణం జుమ్మనాలి. ఏమీ లేదు. అడవంతా దూదిలో చుట్టి పెట్టినట్టు మెత్తటి నిశ్శబ్దం. పంపు పోయింది, విప్పాలన్నాను.

టీ తెచ్చిన నా భార్య రవణ నవ్వింది. "తుమ్మెదలాగ మోగింది కదా మావా. నీకినబడ్నేదేటి?"

మళ్ళీ తాళం తిప్పాను. "ఇదిగో, మోగతంది" అంది. సూరిబాబు గారూ తలూపారు. నాకు మాత్రం మంచే వినిపించింది.

పంపు పనిచేస్తోందంటే తప్పు వేరేచోట ఉంది. వెతికితే, ఇంజను కింద, అది తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్ ప్లగ్గులో తడి చేరింది. తుడిచి, ఆరబెట్టి, గట్టిగా నొక్కాను. వెంటనే అంటుకుంది. ఆయన నా చేతులు పట్టుకుని ఊపి, మంచులోకి వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళూ బళ్ళ జబ్బులు చెవితోనే పట్టాను. ఇకముందు... డాక్టరుకు చూపించుకోవాలి. ఏమంటాడో.

కొన్నాళ్ళుగా రవణ నాతో గట్టిగా మాట్లాడుతోంది. కోపమనుకుని నేనూ ముభావంగా ఉంటున్నాను. పాపం, ఎప్పట్నుంచి అలా అరుస్తోందో.