చివరి నుంచి మొదటికి

అక్కా,

ఈ ఏడాది నెలకో పుస్తకం చదువుతానని, ఏడాది తిరిగేలోగా ఒక్క కథైనా రాస్తానని నీ చేతిలో చెయ్యేసి చెప్పాను. కథ మాట దేవుడెరుగు, ఒక్క పుస్తకమైనా పూర్తి చెయ్యలేదు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దేటప్పుడు పేజీని అడుగు నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటి మాటకి చదువుతాం. అర్థంలో పడితే తప్పు కంటికి ఆనదు. "కథలో పడకమ్మా, అక్షరం చూడు" అని మా ఫోర్‌మన్ రోజూ అంటాడు. ఇంటికొచ్చి నువ్విచ్చిన నవల తెరిచినా కళ్ళు పేజీ అడుక్కే పోతున్నాయి. రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యాన్నే దిద్దుతూ ఉండిపోతున్నాను. ఇక నా వల్ల కాదక్కా.

నీ ఉత్తరం అంది వారమైనా జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. నిన్న బావ ఫోన్ చేసి, "మీ అక్క ఉత్తరం చదవలేదా నువ్వు?" అని బావురుమన్నాడు.

చదివాను. అందిన రోజే, వంటింట్లో నిలబడి, పెన్సిల్ పట్టుకుని చదివాను. రెండు దీర్ఘాలు దిద్దాను. "రొమ్ములో గడ్డ" అన్నచోట ఒత్తు సరిగ్గానే ఉందని చూసుకుని, పై వరుసకి వెళ్ళిపోయాను.

నీ చెల్లి